రొయ్యల గుంట మీది స్కాన్ డిస్కు

మా ముత్తాత పెంచలనాయుడు దొరవారిసత్రం చుట్టుపక్కల ఊళ్లకు పెద్దకాపు. ఆయన అరుగు ఎక్కే ముందు కలెక్టరు కచేరీ గుమాస్తాలు సైతం చెప్పులు విడిచేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. తాత వెంకటసుబ్బానాయుడు జిల్లా బోర్డు సభ్యుడు. పులికాటు ఒడ్డున పడవల రేవుల దగ్గర తగాదా వస్తే రెండు పక్షాలూ ఆయన ముందుకే వచ్చేవి, ఆయన చెప్పినదానికి కట్టుబడి వెళ్లేవి. మా నాయన కాలానికి ఆ మాట మిగిలింది గానీ వినేవాళ్లు తగ్గిపోయారు. నేను చదువుకుని డాక్టరునయ్యేనాటికి మేం ఫలానా ఇంటివాళ్లమని చెప్పుకోవడమే తప్ప చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. ఎవరి జాలి కోసమో ఇది రాయడం లేదు. ఇంటి తీరు తెలియకపోతే, కంప్యూటరు తెర మీద ఒకే ఒక్క బొత్తాం నొక్కడానికి నేను ఎందుకంత మొండికేశానో చదివేవారికి అర్థం కాదు.

ప్రభుత్వ వైద్య కళాశాలలో రేడియాలజీ ప్రొఫెసరుగా పదవీ విరమణ చేసి, 2018 జూన్‌లో నెల్లూరులోని ఒక ట్రస్టు క్యాన్సర్ ఆసుపత్రిలో విభాగాధిపతిగా చేరాను. రేడియాలజిస్టు మందు ఇవ్వడు, కత్తి పట్టడు. స్కాన్ చిత్రాలు చదివి నివేదిక రాస్తాడు. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ చదవడంలో ముఖ్యమైన పని కొలవడం. మందు మొదలుపెట్టక ముందు ఒక స్కాన్ తీస్తారు. అందులో కొలవడానికి వీలైన కణుతుల్ని ఎంచుకుంటాం. ఒక అవయవంలో రెండుకు, మొత్తం మీద ఐదుకు మించకూడదు. ఒక్కొక్కదాని పొడవైన అడ్డుకొలతను మిల్లీమీటర్లలో తీసి, అన్నీ కూడతాం. కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్, మళ్లీ అవే కణుతులు, మళ్లీ అదే కూడిక. మొదటి మొత్తంలో ముప్పై శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. అంతవరకు వచ్చిన అతి తక్కువ మొత్తం మీద ఇరవై శాతం పెరిగితే, ఆ పెరుగుదల కనీసం ఐదు మిల్లీమీటర్లుంటే, వ్యాధి ముదిరినట్టు. ఈ రెంటి మధ్య ఉంటే నిలకడ. ఈ నియమాలను మా వృత్తిలో రెసిస్ట్ అంటారు.

నేను నేర్చుకున్న కాలంలో ఫిల్మును లైటు పెట్టె మీద ఉంచి స్కేలుతో కొలిచేవాళ్లం. ఈ ఆసుపత్రిలో ఆ పనికి ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. కణితి మీద ఒకసారి నొక్కితే అంచు తనే గీసి, కొలిచి, పాత కొలతతో పోల్చి, చివర ఒక గడి చూపించేది. తగ్గితే ఆకుపచ్చ, నిలకడైతే పసుపు, పెరిగితే ఎరుపు. రేడియాలజిస్టు ఆ అంచులు సరిచూసి 'అంగీకరించు' అనే బొత్తాం నొక్కాలి. అప్పుడే నివేదిక బయటికి వెళ్తుంది. అంచు తప్పుగా ఉంటే మార్చవచ్చు. గడి రంగు మార్చే అధికారం మాత్రం మాకు లేదు. అది లెక్కను బట్టి దానంతటదే వస్తుంది.

ఆ ఏడాది వర్షాలు మొదలైన రోజుల్లో కరుణమ్మ అనే రోగి స్కాను నా దగ్గరికి వచ్చింది. ఇందుకూరుపేట మండలంలో మైపాడు దారి పక్కన ఆమెది టిఫిన్ అంగడి. భర్త ఏసురత్నం రొయ్యల గుంటలు చూసుకునేవాడు. ఆమెకు జీర్ణాశయం గోడలో పుట్టే అరుదైన రకం కణితి, కాలేయానికి కూడా పాకింది. ఆ రకానికి రోజూ వేసుకునే మాత్ర ఒకటి ఉంది. అది పనిచేసినంత కాలం మనిషి మామూలుగా తిరుగుతుంది. ఆ మాత్రలు ఆమెకు ఒక కంపెనీ సహాయ పథకం కింద వస్తున్నాయి. పథకం షరతు ఒక్కటే. మా సాఫ్ట్‌వేర్ నివేదికలో వ్యాధి ముదిరిందని వస్తే మాత్రలు ఆపేస్తారు. ఆ పైన ఇవ్వదగిన మందు ఇంతకంటే కఠినమైనది, అది ఆ పథకంలో లేదు.

స్కాను అయ్యాక నేను రోగులతో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి. అది నా అలవాటు. ఎలా ఉన్నావమ్మా అని అడిగాను.

"బాగుండా సార్. పొద్దున పులిబొంగరాలు వేసేసి, గిన్నెలు తోమించి, బస్సెక్కి వచ్చినా. మూణ్ణెల్ల కిందట మంచం దిగేదాన్ని కాదు. ఇంతకీ నా గడ్డకి మీ కంప్యూటరు మార్కులేస్తుందంటనే, నిజమా?"

కొలుస్తుందని చెప్పాను.

"మార్కులు తక్కువొస్తే పాసు, ఎక్కువొస్తే ఫెయిలు. ఇదేం బడి సార్?" అని నవ్వి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం ఆమె గడి ఎర్రగా వచ్చింది. మాత్రలు మొదలుపెట్టక ముందు చెన్నైలోని ఒక ప్రైవేటు సెంటరులో తీసిన స్కాను నివేదిక ప్రకారం, కాలేయంలో రెండు, పొట్టలో ఒకటి కలిపి నూటనలభై ఐదు మిల్లీమీటర్లు. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ కొలిచినది నూటడెబ్బై ఆరు. ఇరవై ఒక్క శాతం ఎక్కువ. అంచులన్నీ దగ్గరగా పెట్టి చూశాను. ఒక్కటి కూడా తప్పు లేదు. కొలత సరైనదే.

కానీ చిత్రం చూస్తే నా మనసు ఒప్పుకోలేదు. సీటీ స్కాను దేహాన్ని నలుపు తెలుపుల్లో ఊరికే చూపించదు. ప్రతి చుక్కకూ ఒక సాంద్రత సంఖ్య ఇస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి, ఎముకకు వందల్లో. నరంలోకి రంగు మందు ఎక్కించాక, నెత్తురు బాగా పారే బతికున్న కణితి తెల్లగా వెలుగుతుంది. కరుణమ్మ కణుతులు నల్లగా, నీటితిత్తుల్లా ఉన్నాయి. ఈ రకం కణితి ఈ మాత్రకు లొంగేటప్పుడు లోపలి కణాలు చచ్చి, కరిగి, నీరు చేరుతుంది. అప్పుడది చిన్నదవడానికి ముందు ఉబ్బవచ్చు. ఇది మా పుస్తకాల్లో ఉన్న సంగతే. సాంద్రత పదిహేను శాతం తగ్గినా మందు పనిచేస్తున్నట్టే లెక్క అని ఈ రకం కణితికి వేరే నియమం కూడా ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ నియమం లేదు. అది పొడవు తప్ప మరొకటి చూడదు.

బొత్తాం నొక్కకుండా, కారణం రాసి పథకం సమీక్షకుడికి పంపాను. ఆయన బెంగళూరులో ఉండే పెద్ద డాక్టరు. వీడియోలో మాట్లాడాడు, మర్యాదగానే మాట్లాడాడు. సాఫ్ట్‌వేర్ వాడకంలో నాకు శిక్షణ ఇచ్చారా అని మొదట అడిగాడు. ఆయన పుట్టక ముందు నుంచి నేను కణుతులు కొలుస్తున్నానని చెప్పాను. ఆయన నవ్వి, సాంద్రత తగ్గిందని అంటున్నారు గదా, దేనితో పోల్చి తగ్గిందని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. మొదటి స్కాను అసలు చిత్రాలు మా దగ్గర లేవు. చెన్నై నివేదికలోని మూడు అంకెల్నే ఎవరో సాఫ్ట్‌వేర్‌లో కొట్టారు. ఆమె తెచ్చిన ప్రింటు ఫిల్ములుండేవి గానీ ఫిల్ము మీద సాంద్రత కొలవలేం. అది ఒట్టి బొమ్మ. మొదటి స్కాను చిత్రాలు తెస్తే చూస్తానని, తేలేకపోతే ఉన్న లెక్కే ఖాయమని చెప్పాడు. ఆమె ఎలా ఉందో చూడమన్నాను. ఎలా ఉందన్నది కొలత కాదన్నాడు.

మా ఆసుపత్రిలో కరుణమ్మకు వైద్యం చేస్తున్నది డాక్టర్ స్రవంతి. చిన్న వయసు, మంచి డాక్టరు. ఆమె నా గదికి వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, మూడు మిల్లీమీటర్లు. పొట్టలో కణితి అంచు కొంచెం లోపలికి లాగితే నూటడెబ్బై మూడు వస్తుంది. ఇరవై లోపల పడుతుంది. గడి పసుపు అవుతుంది."

అంచు ఉన్నచోట ఉందన్నాను.

"మందు పనిచేస్తోందని మీరే అంటున్నారు కదా! అలాంటప్పుడు అబద్ధం ఏముంది ఇందులో? ఇద్దరు డాక్టర్లు కొలిస్తే మూడు మిల్లీమీటర్లు తేడా రాదా?"

వస్తుంది. ఒకే డాక్టరు రెండుసార్లు కొలిచినా వస్తుంది. కానీ వచ్చే తేడా వేరు, తెచ్చుకునే తేడా వేరు. ఇవాళ మంచికోసం లాగిన అంచును రేపు మరో కారణానికి లాగమంటారు. అప్పుడు నా సంతకానికి విలువ ఉండదు. అంత వివరంగా ఆమెతో చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ కొలత మార్చలేదమ్మా అని మాత్రం అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "మీ ఇంటి సంగతి నాకు తెలీదు సార్. ఆమె దగ్గర మాత్రలు ఈ వారానికే ఉన్నాయి. మీరు నిటారుగా కూర్చోండి, ఆమె మంచం పడుతుంది."

ఆ మాట తగలలేదని చెప్పను. కానీ కుర్చీలో నా కూర్చునే పద్ధతి మారలేదు. అంచును ముట్టుకోకుండా మాత్రలు నిలబెట్టాలంటే దారి ఒక్కటే. మొదటి స్కాను అసలు చిత్రాలు కావాలి.

చెన్నై సెంటరుకు నేనే ఫోన్ చేశాను. చిత్రాలు కొన్నాళ్లే ఉంచి చెరిపేస్తామని, రోగికి సీడీ ఇచ్చి పంపామని చెప్పారు. అప్పుడు కరుణమ్మను పిలిపించాను. ఏసురత్నం కూడా వచ్చాడు. చెన్నైలో ఇచ్చిన డిస్కు ఎక్కడుందని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెప్పు, నువ్వే చెప్పు సార్‌కి," అంది కరుణమ్మ.

"గుంట మీద కట్టినా సార్," అన్నాడు ఏసురత్నం.

మా తీరం వాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు. రొయ్యల గుంట మీద వాలే కొంగలనూ నీటికాకులనూ బెదరగొట్టడానికి గట్ల మధ్య నైలాను తాళ్లు లాగి, వాటికి పాత సీడీలు వేలాడదీస్తారు. గాలికి తిరుగుతూ ఎండకు తళుక్కుమంటాయి. జిల్లాలో స్కాన్ సెంటర్లు ఇచ్చే డిస్కులు సగం ఆఖరికి చేరేది అక్కడికే. ఫిల్ము పెద్దది, బొమ్మ కనిపిస్తుంది కాబట్టి దాన్ని బీరువాలో భద్రంగా పెడతారు. డిస్కులో ఏముందో కంటికి కనిపించదు కాబట్టి దానికి విలువ లేదనుకుంటారు. మా వృత్తిలో దాని విలువ సరిగ్గా తలకిందులు.

"నేను అప్పుడే చెప్పినా సార్, ఆస్పత్రోళ్లు ఇచ్చిందాన్ని కట్టొద్దయ్యా అని. ఇంటే గదా!"

"ఫిల్ములుండాయి గదా అనుకున్నా. అయినా ఈమె డిస్కు బలే మెరుస్తాది సార్, మిగతావాటికంటే. ఒక్క కొంగ వాలలా."

"నా కడుపులో గడ్డని చూస్తే కొంగలు కూడా పారిపోతా ఉండాయి, ఇంకేం కావాల నీకు!" అంది కరుణమ్మ.

కట్టి ఎన్నాళ్లయిందని అడిగాను. గుంటలో రొయ్య పిల్ల వదిలినప్పుడు కట్టానన్నాడు. అంటే మరీ ఎక్కువ కాలం కాలేదు. ఉన్నది ఉన్నట్టు విప్పి తెమ్మన్నాను. తుడవవద్దు, కడగవద్దు అని రెండుసార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఏసురత్నం రొయ్యల మేత సంచి ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. పైనున్న రాతలు వానకు కొట్టుకుపోయి ఏది భార్యదో తెలియక, తాడు మీదున్నవన్నీ విప్పుకుని వచ్చాడు.

"పక్క గుంట రమణయ్యన్నవి కూడా రెండు కలిసుండాయి సార్. తాడు ఒకటే గదా. పని కాంగానే బిన్నా ఇచ్చేయండి, ఆయనకి చెప్పలా."

మా సీటీ టెక్నీషియన్ ఖాదర్ బాషా, నేను ఒక్కొక్కటే మెత్తటి గుడ్డతో ఉప్పు తీసి కంప్యూటరులో పెట్టాం. మొదటిది తెరుచుకోగానే గదంతా క్రిస్మస్ పాటలు. తర్వాతది ఎవరిదో పెళ్లి. "పెళ్లికూతురు రమణయ్యన్న మరదలు సార్, ఆపొద్దు!" అన్నాడు ఏసురత్నం. ఒకటి మోకాలి స్కాను, ఎవరిదో. రెండు అసలు తెరుచుకోలేదు. వాటిలో ఒకటి ఆమెదై ఉంటే కథ అక్కడితో సరి. ఖాదర్ మరొకటి పెట్టాడు. యంత్రం చాలాసేపు గరగరలాడింది. తర్వాత తెర మీద కరుణమ్మ పేరు, వయసు, చెన్నై స్కాను తేదీ వచ్చాయి.

డిస్కును యంత్రం పూర్తిగా చదవలేకపోయింది. అంచంతా ఎండకు, ఉప్పుగాలికి పాడైంది. కానీ సీడీ మీద సమాచారం మధ్య నుంచి బయటి అంచుకు రాస్తారు. పొట్ట చిత్రాలు ముందుగా, లోపలి వైపు ఉన్నాయి. ఛాతీ చిత్రాలు బయటి వైపు పడ్డాయి. ఛాతీ పోయింది. కాలేయం, పొట్ట నిలిచాయి. ఏసురత్నం తాడును మధ్య రంధ్రం నుంచే పోనిచ్చి కట్టాడు గాని వేరే చిల్లు పొడవలేదు. రంగు మందు ఎక్కించాక మేం తీసిన దశలోనే వాళ్లూ తీశారు. కాబట్టి పోల్చడానికి అడ్డు లేదు.

కాపీలు తీయించి, చిత్రాలను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. మొదట సాంద్రత చూశాను. మూడు కణుతులూ అప్పుడు ఎనభై ప్రాంతంలో వెలుగుతున్నాయి. ఇప్పుడు ముప్పై దాటడం లేదు. కావలసింది పదిహేను శాతం తగ్గుదల. వచ్చింది సగానికి మించి. నేను వెతికింది అదే, దొరికింది. అయితే నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది.

అసలు చిత్రాలు ఎక్కగానే సాఫ్ట్‌వేర్ పాత కణుతుల అంచుల్నీ తనే గీసింది. చెన్నై డాక్టరు మందపాటి పొరల మీద చేత్తో కొలిచి నూటనలభై ఐదు రాశాడు. అదే స్కానును సన్నని పొరల మీద, ఇప్పటి పద్ధతిలో కొలిస్తే నూటయాభై రెండు వచ్చింది. పెరుగుదల పదహారు శాతం లోపలికి దిగింది. నేను ఏ అంచూ లాగలేదు. ఎర్ర గడి నా కళ్ల ముందే పసుపు పచ్చగా మారింది. ఇన్నాళ్లూ ఒకరి స్కేలుతో కొలిచిన పాత కణితిని మరొకరి స్కేలుతో కొలిచిన కొత్త కణితితో పోల్చాం. కొలతలు రెండూ సరైనవే. పోలికే తప్పు.

స్రవంతిని పిలిపించాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, మూడు అంచులూ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది.

"మూడు మిల్లీమీటర్లు లాగి ఉంటే ఈ డిస్కు ఎవరూ వెతికేవాళ్లు కాదు సార్," అంది చివరికి.

అవునన్నాను.

"కానీ డిస్కు తెరుచుకోకపోతే?"

అప్పుడు మాత్రలు ఆగిపోయేవన్నాను. ఆ రోజు నుంచి ఆమెకు నా మీద గౌరవం పెరిగిందో లేదో తెలియదు గానీ, కొలతల విషయంలో నా గదికి వచ్చి అడగడం మొదలుపెట్టింది.

సమీక్షకుడు ఈసారి వీడియోలో ఎక్కువసేపు ఉన్నాడు. రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టించుకుని, సాంద్రత కొలిచే గుండ్రటి గీతను తనే కదిలించి చూశాడు. మొదటి కణితి, రెండోది, మూడోది. తర్వాత కళ్లజోడు తీసి, "ఇది చచ్చిన కణితి డాక్టరుగారూ," అన్నాడు. మాత్రలు కొనసాగించమని సాయంత్రానికి ఉత్తరువు వచ్చింది. కరుణమ్మ దగ్గరున్న పట్టీలో అప్పటికి ఇంకా మాత్రలు మిగిలే ఉన్నాయి. ఒక్క రోజు కూడా మందు ఆగలేదు.

విషయం చెప్పగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. కాసేపటికి ఇటు తిరిగి, "రేపు పొద్దున టిఫిన్ మీకు నేనే పంపిస్తా సార్, వద్దనొద్దు," అంది. వద్దనలేదు.

ఏసురత్నం మాత్రం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "అయితే డిస్కులు ఇచ్చేస్తారా సార్? నీటికాకులు మేస్తా ఉంటాయి ఆడ."

ఆమె డిస్కు మేం ఉంచుకున్నాం. దానికి బదులు ఖాదర్ బాషా పనికిరాని డిస్కులు ఒక కట్ట ఇచ్చాడు. రమణయ్యగారి మరదలి పెళ్లి ఆయనకు భద్రంగా చేరింది.

తర్వాతి స్కానుకు కణుతులు పరిమాణంలో కూడా తగ్గాయి. గడి ఆకుపచ్చగా వచ్చింది. ఇవాళ్టికీ ఆమె అంగడి నడుపుతోంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు రెండు స్కాన్లూ, నా వివరణా పంపాను. తర్వాతి రూపంలో ఈ రకం కణుతులకు సాంద్రత గడి చేర్చారు. చేత్తో కొట్టిన పాత అంకెలతో పోలిస్తే పక్కన హెచ్చరిక గుర్తు కూడా వస్తోంది. నా పేరు ఎక్కడా వేయలేదు. నేనూ వేయమని అడగలేదు. ఆ గుర్తు కనిపించిన ప్రతిసారీ అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అది చాలు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. యంత్రం చెప్పిన అంకె సరైనదా అని అడిగితే సరిపోదు. అది దేన్ని కొలిచింది, దేనితో పోల్చింది అని కూడా అడగాలి. అంకె నచ్చకపోతే అంచు జరపకూడదు, అసలు చిత్రం వెతకాలి. ఆ చిత్రాన్ని దాచే బాధ్యత రోగిది కాదు, మనది.

ఆసుపత్రికి వచ్చిన ప్రతి స్కానునూ, బయటివాళ్లు తీసినదైనా సరే, చెరపకుండా దాచే సర్వరు కావాలని ట్రస్టుకు రాశాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. నేను ఆగలేదు. మా వంశానికి మిగిలిన ఆఖరి భూమి కోడూరు దగ్గర సరుగుడు తోట. ఆ సర్వరు కోసం ఆ వేసవిలో దాన్ని అమ్మేశాను.